గమ్మున కూర్చోవడం నేర్పే క్లాసు: ఒక రొయ్యల రైతు రివ్యూ

మా వైపు రొయ్యలేసే ఎవరికైనా, గుంటలో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల చప్పుడు ఆగితే ఠక్కున మెలకువ వస్తుంది. నాకు పోయినేడు ఎండాకాలం నుంచి అవి ఆగకపోయినా మెలకువ రావడం మొదలైంది. రాత్రి రెండింటికి లేచి కూర్చుని చెవులు రిక్కించి వినేవాణ్ణి. తిరుగుతున్నాయని తెలిశాక కూడా చెప్పులేసుకుని గట్టు మీదికి పోయి టార్చి కొట్టి చూసేవాణ్ణి. గుండె దడ, అరచేతుల్లో చెమట. ఆగస్టు ఆఖర్లో ఒక రాత్రి ఛాతీ పట్టేసినట్టయితే మా బామ్మర్ది కారులో వేసుకుని నెల్లూరు పొగతోటలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి. "గుండెకేం లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు డాక్టరుగారు. ఎట్లా తగ్గించుకోవాలని అడిగేలోపే తర్వాతి పేషెంటుని పిలిచారు.

మాది ఇందుకూరుపేట వైపు. నాలుగు గుంటలు, అంటే రొయ్యల చెరువులు, మొత్తం ఎనిమిది ఎకరాలు, వేసేది వనామీ రకం రొయ్య. అందులో సగం కౌలు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికావాళ్లు మన సరుకు మీద సుంకం 50 శాతం చేశారన్నది పేపర్లో అందరూ చదివిందే. నేను పేపర్లో చదవలేదు, కొనుగోలుదారుడి ఫోన్లో విన్నాను. పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఇంకో రేటు, సాయంత్రానికి "రెండ్రోజులు ఆగు అబ్బయా". గుంటలో రొయ్య రెండ్రోజులు ఆగుతుందా? మేత తింటూనే ఉంటుంది.

అప్పుడు మా అన్న కూతురు చెప్పింది. కౌన్సెలింగ్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒకరు మైండ్‌ఫుల్‌నెస్‌కీ, అంటే ఇప్పుడు జరుగుతున్నదాని మీద మనసు నిలపడానికీ, ఆందోళనకీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తోందట. దానికోసం నెల్లూరులో ఎనిమిది వారాల క్లాసు పెడుతోందట. ఫీజు లేదట. ఆ అమ్మాయి పేరు, యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమె పరిశోధన ఇంకా నడుస్తోంది, వద్దంది. క్లాసు ఎట్లా ఉందో మాత్రం రాయొచ్చంది, బాగాలేనిది కూడా. అందుకే రాస్తున్నాను.

క్లాసుకి ముందు ఒక గంట మాట్లాడింది. నిద్రమాత్రలు ఏమన్నా వేసుకుంటున్నారా అని అడిగింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి రెండు మూడు వేసుకున్నానని చెప్పాను. మొహం మారిపోయింది. ముందు ఒక సైకియాట్రిస్టుకి చూపించుకు రండి, ఆయన సరేనంటేనే నా క్లాసు అంది. "నేను డాక్టర్ని కాను అంకుల్, మందులు రాయలేను, ఆపమని కూడా చెప్పలేను." చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని కూడా సూటిగా అడిగింది. మావాళ్లెవరూ అడగని ప్రశ్న. లేదన్నాను, నిజంగానే లేవు. అయినా టెలి మానస్ నంబరు 14416 రాసిచ్చింది, ఏ వేళకైనా తెలుగులోనే మాట్లాడొచ్చని. సైకియాట్రిస్టు చూసి, ప్రస్తుతానికి మందు అక్కర్లేదు, క్లాసుకి పోయి రెండు నెలలకి మళ్లీ రమ్మన్నారు. ఫీజు లేని క్లాసులో ఇంత జాగ్రత్త నేను అనుకోలేదు. ఈ క్లాసుకి నా మొదటి మంచి మార్కు దీనికే.

తర్వాత ఫారాలు. అందులో ఆందోళన ఎంతుందో కొలిచే జీఏడీ-7 అని ఒకటుంది. 2006లో అమెరికాలో తయారైందట. గడిచిన రెండు వారాల్లో గాబరా ఎన్నాళ్లు ఉంది, నిలకడగా కూర్చోలేకపోయారా, చిరాకు ఎంత, ఇట్లా ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. మొత్తం 21. పది, ఆపైన వస్తే పట్టించుకోవాలి, పదిహేను, ఆపైన అయితే తీవ్రం. నాకు 14 వచ్చింది. ఇక్కడ నాకో పేచీ ఉంది. ఏడో ప్రశ్న, ఏదో ఘోరం జరగబోతోందని భయంగా ఉంటోందా అని. అమ్మా, మా గుంటలో రాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే తెల్లారేసరికి నిజంగానే ఘోరం జరుగుతుంది. ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు రొయ్యతో పోటీపడి పీల్చుకుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. దాన్ని తల్చుకుని భయపడడం జబ్బా, జాగ్రత్తా? ఈ మాట అడిగితే ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "ఫారంలో దానికి జవాబు లేదంకుల్, క్లాసులో వెతుకుదాం" అంది. తెలియనిది తెలియదని చెప్పేవాళ్లంటే నాకు నమ్మకం.

ఇంకో ఫారం ఉంది, 39 ప్రశ్నలు. దాని తెలుగు మాత్రం భయంకరం. ఇంగ్లీషులో ఏముందో ఊహించుకుంటే తప్ప అర్థం కాదు. నాకే ఇట్లా ఉంటే నాలుగో తరగతితో బడి మానేసిన మా మేస్త్రీ ఏం నింపుతాడు?

ఫారాలయ్యాక అసలు దెబ్బ తగిలింది. కంప్యూటర్ చీటీ తీసి నన్ను వెయిటింగ్ గుంపులో పడేసింది. అంటే మొదటి ఎనిమిది వారాలు వేరేవాళ్లకి క్లాసు, మేం ఊరికే ఉండి ఫారాలు నింపాలి, ఆ తర్వాతే మాకు. కోపం వచ్చింది. దడతో చస్తున్నవాణ్ణి రెండు నెలలు ఆగమంటే ఏం న్యాయం? కానీ ఎందుకట్లా అని ఆమె చెప్పడం మొదలుపెట్టగానే నాకు మా ప్రోబయోటిక్ ఏజెంట్లు గుర్తొచ్చారు. మా మందు చల్లిన గుంట చూడన్నా, ఎంత బాగుందో అంటారు. పక్క గుంటలో చల్లకుండా చూపించు, అప్పుడు నమ్ముతానంటాను నేను. ఇక్కడ ఆ చల్లని గుంట నేనన్నమాట. అర్థమైంది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

విచిత్రం ఏమిటంటే ఆ ఎనిమిది వారాలయ్యాక మళ్లీ ఫారం నింపితే 14 కాస్తా 11 అయింది. ఏ క్లాసూ లేకుండానే! కారణం నాకు తెలుసు. సెప్టెంబరు మధ్యలో పట్టుబడి చేసేశాను, అంటే గుంటల్లో రొయ్యంతా పట్టి అమ్మేశాను. 60 కౌంటు, అంటే కిలోకి అరవై రొయ్యలు, రేటు చెప్పుకోడానికి సిగ్గేసేంత. నష్టమే. కానీ గుంట ఖాళీ అయిందన్న నిద్ర ఎట్లాంటిదో రొయ్యలేసినవాళ్లకే తెలుస్తుంది. ఇప్పుడు ఎవరన్నా "ఈ క్లాసుతో నా ఆందోళన సగం తగ్గింది" అని చెప్తే, ఆ రెండు నెలల్లో నీ ఇంట్లో ఇంకేం జరిగిందని అడుగుతున్నాను.

నవంబరులో రెండు గుంటలే మళ్లీ వేశాను. అదే నెలలో నా క్లాసు మొదలైంది. మాగుంట లేఅవుట్‌లో ఒక ఇంటి మేడ మీద గది. శనివారం సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా. మాకు సరిగ్గా సాయంత్రం మేత వేసే టైము. బామ్మర్దికి అప్పజెప్పి, బండి మీద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వచ్చేవాణ్ణి. వాన పడిందంటే అండర్ బ్రిడ్జిలో నీళ్లు, చుట్టు తిరిగి రావాలి. గదిలో పన్నెండుమంది పడతాం. ప్లాస్టిక్ కుర్చీలున్నాయి గనక నా మోకాళ్లు బతికిపోయాయి. ఫ్యాను మాత్రం ఎక్కాల పుస్తకం చదువుతున్నట్టు టకటకమంటుంది. పావుగంటకో రైలు. మిగతావాళ్లు ఎవరు, ఏం చెప్పుకున్నారు అనేది రాయను. అక్కడ విన్నది బయట చెప్పకూడదని మాటిచ్చాం.

ఈ పద్ధతి కొత్తదేం కాదట. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో, నొప్పులు తగ్గక విసిగిపోయిన రోగుల కోసం మొదలుపెట్టారు. అప్పటినుంచి ఎనిమిది వారాలు, వారానికి రెండున్నర గంటలు, ఇంట్లో రోజూ సాధన, ఇదీ లెక్క. మూలం బౌద్ధుల పాళీ మాట "సతి". మైండ్‌ఫుల్‌నెస్‌ని తెలుగులో ఏమనాలని ఆమె అడిగితే తలా ఒకటి చెప్పాం. చివరికి "ఎరుక" దగ్గర ఆగాం. నాకు మాత్రం మా నెల్లూరు మాటే బాగా అతికింది. గమ్మున కూర్చోవడం. గమ్మున కూర్చుని చూడడం.

మొదటి రోజు అరచేతిలో ఒక ఎండుద్రాక్ష పెట్టి దాన్ని ఐదు నిమిషాలు చూడమంది. ముడతలు, వెలుతురులో రంగు, వాసన, చెవి దగ్గర నలిపితే చప్పుడు, ఆ తర్వాత నాలుక మీద పెట్టి నమలకుండా ఉండడం. పక్కవాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. నాకు నవ్వు రాలేదు. నేను రోజూ చేసే పనే ఇది! మేత వేసిన రెండు గంటలకి, రొయ్య ఎంత తిన్నదో చూసే చెక్‌ట్రే లేపి, ఒక రొయ్యని తీసి వెలుతురుకి పట్టి చూస్తాను. పేగు నిండుగా ఉందా, తెల్లగా ఉందా, తెగిందా. మొప్పల రంగు, మీసాలు, తోక, పెంకు గట్టిదనం. ఇదంతా చెప్తే ఆ అమ్మాయి క్లాసు ఆపేసింది. మళ్లీ మొదట్నుంచి చెప్పమని నోట్‌బుక్‌లో రాసుకుంది. తర్వాత అడిగింది, "రొయ్యని చూసేటప్పుడు మీ మనసు ఎక్కడుంటుంది అంకుల్?" రొయ్యలోనే అన్నాను. "ట్రే దించాక?" బ్యాంకులో అన్నాను. గది గదంతా నవ్వింది, నేను కూడా.

రెండో వారం పడుకుని కాలివేళ్ల నుంచి తలదాకా ఒళ్లంతా మనసుతో తడుముకుంటూ రావడం. నేను మోకాళ్ల దాకా వచ్చి గురకపెట్టాను. ఏం కాదంది. ఇంటికి వాట్సాప్‌లో ఇరవై ఐదు నిమిషాల ఆడియో పంపింది, అసలు పద్ధతిలో రోజూ నలభై ఐదు నిమిషాలట, మాకోసం తగ్గించానంది. ఆ ఆడియోలో "తీర్పులు లేకుండా గమనించండి" అని పదేపదే వస్తుంది. తీర్పు అనగానే నాకు కోర్టులో తొమ్మిదేళ్లుగా నలుగుతున్న గట్టు తగాదా గుర్తొచ్చి బీపీ పెరిగేది. చెప్తే మార్చింది. "మంచిది, చెడ్డది అని పేరు పెట్టకుండా చూడండి" అని మళ్లీ రికార్డు చేసి పంపింది. ఇట్లా చెప్తే వినేవాళ్లు అరుదు.

మూడో వారం నేను మానేద్దామనుకున్నాను. ఊపిరి మీద మనసు పెట్టమంటే నాకు ఊపిరే ఆడలేదు. ఛాతీ వైపు చూసిన కొద్దీ ఆగస్టు రాత్రి తిరిగొచ్చింది. చెమట్లు పట్టి బయటికొచ్చేశాను. ఆమె వెనకాలే వచ్చి మెట్ల మీద కూర్చుంది. కొందరికి, అందులోనూ ఛాతీ భయం ఉన్నవాళ్లకి, ఊపిరిని చూస్తే దడ ఎక్కువవుతుంది, ఇది మీ తప్పు కాదు అంది. కళ్లు మూసుకోవద్దు, అరికాళ్లు నేలకి తగులుతున్న చోట మనసు పెట్టండి, లేకపోతే ఏదన్నా చప్పుడు మీద పెట్టండి అంది. ఈ ముక్క మొదటి రోజే అందరికీ చెప్పి ఉండాల్సింది. నాలాగా లేచి బయటికి రానివాళ్లు లోపలే ఎంత నలిగిపోతారో.

చప్పుడంటే నాకున్నది ఒక్కటే, ఏరియేటర్. గట్టు మీద పాక, నులక మంచం, ముందర గుంట. మొదట్లో ఘోరంగా ఉండేది. ఆ రెక్కల చప్పుడు కొంచెం మారితే చాలు, గుండె గొంతులోకి వచ్చేది. పది రోజులు అంతే. తర్వాత మెల్లగా ఒకటి కనిపించింది. చప్పుడు వేరే, చప్పుడు మీద నేను కట్టే కథ వేరే. గాలి మళ్లితే చప్పుడు మారుతుంది. అది చప్పుడు. "మోటారు కాలిపోయింది, రొయ్య తేలిపోయింది, వడ్డీ కట్టలేం, పాప పెళ్లి ఆగిపోయింది" అనేది నా రైలు. ఇంజను ఒకటే, పెట్టెలు నేను తగిలిస్తున్నాను.

డిసెంబరులో ఒక రాత్రి నిజంగానే కరెంటు పోయింది. ఒంటిగంటన్నర. ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా ఆగి, కప్పల అరుపులు పైకి వచ్చాయి. లేచాను. జనరేటర్ మొదటిసారి అందుకోలేదు, బ్యాటరీ దిగిపోయి ఉంది. మామూలుగా అయితే చేతులు వణికి పానా కూడా పట్టుకోలేను. ఆ రాత్రి కూడా దడ ఉంది, అబద్ధం చెప్పను. కానీ "కరెంటు పోయింది" అన్న ఒక్క పెట్టే ఉంది, వెనక మిగతావి లేవు. ట్రాక్టరు బ్యాటరీ తీసుకొచ్చి తగిలించాను. పావుగంటలో తిరిగాయి. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు పెట్టి చూస్తే నాలుగు. ఫర్వాలేదు. పాకలోకి వచ్చి పడుకున్నాను. మామూలుగా తెల్లారిందాకా కూర్చునేవాణ్ణి. ఆ రోజు బామ్మర్ది వచ్చి లేపిందాకా నిద్రపోయాను. ఫారంలో ఏడో ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడ దొరికిందనిపించింది, ఆ అమ్మాయికి అదే చెప్పాను.

మాత్ర మంచిదా, ఇది మంచిదా అని ఒకరు అడిగితే ఆమె ఒక అధ్యయనం గురించి చెప్పింది. 2022లో వచ్చింది. ఆందోళన జబ్బులున్న 276 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి ఈ ఎనిమిది వారాల పద్ధతి, ఇంకొకరికి ఎసిటాలోప్రామ్ అనే మాత్ర ఇచ్చారట. రెండు గుంపుల్లోనూ ఆందోళన దాదాపు ఒకే మోతాదులో తగ్గిందట. ఒకాయన వెంటనే "అయితే నా మాత్ర ఆపేస్తా" అన్నాడు. ఆమె చేతులు జోడించినంత పని చేసింది. వాళ్లకి ఇచ్చింది రోజుకి నలభై ఐదు నిమిషాల హోంవర్కు, మీరు ఎన్ని నిమిషాలు చేస్తున్నారు, మీ డాక్టర్ని అడక్కుండా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు అని గట్టిగా చెప్పింది.

ఎనిమిది వారాలయ్యాక నా మార్కు 7. ఈ మధ్య కుతూహలం కొద్దీ నేనే నింపుకుంటే 8. కోడిపెట్ట గుడ్లు లెక్కపెట్టుకున్నట్టు మార్కులు లెక్కపెట్టుకుంటున్నానని మా ఆవిడ ఎగతాళి చేస్తోంది.

బాగాలేనివి. క్లాసు అయ్యాక ఏమీ లేదు. మూడు నెలలకి ఒక ఫారం వస్తుందట, అంతే. నెలకోసారైనా మళ్లీ కూర్చోబెట్టేవాళ్లుంటే బాగుండేది. పరిశోధనకి మేం అయిపోయాం గానీ మా దడ అయిపోలేదు కదా. ఆమె ఒక్కతే, స్టూడెంటు, ఆమె తప్పు కాదనుకోండి. శనివారం సాయంత్రం టైము ఉద్యోగస్తులకి, మాకు కాదు. ఆరో వారం తర్వాత ఒక ఆదివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మౌనంగా ఉండాలి. నేను మధ్యాహ్నానికే ఫోన్ వచ్చిందని లేచొచ్చేశాను, అది నా తప్పు. ఇటువంటి క్లాసు అల్లూరులోనో ముత్తుకూరులోనో ఒక రొయ్యల షెడ్డు కింద పొద్దున పదకొండింటికి పెడితే వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. మా వైపు మగాళ్లు దడకి వెతుక్కునే మందు బ్రాందీ షాపులో దొరుకుతోంది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ అమ్మాయికైతే ఐదు.

మా ఆవిడ మాత్రం ఈ లెక్కలేవీ ఒప్పుకోదు. పోయిన జులైలో నెల్లూరు దర్గా దగ్గర మొహర్రంకి జరిగే రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి, నాకోసం ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది. నా నిద్ర బాగుపడింది దానివల్లేనంటుంది. ఆఖరి క్లాసులో ఈ మాట చెప్తే ఆ అమ్మాయి ముందు నవ్వి, తర్వాత నవ్వు ఆపి, నోట్‌బుక్ అంచున ఏదో రాసుకుంది. ఫారంలో రొట్టెకి గడి లేదు. కోరిక తీరితే మరుసటేడు మనం రొట్టె తీసుకెళ్లి ఇంకొకరికి ఇవ్వాలి. వచ్చే మొహర్రంకి నన్నే నీళ్లలోకి దిగి ఇమ్మంటోంది. రొట్టె చేసే పని ఆమెది, సెలవు దొరికితే మోసే పని నాది. అప్పటికి గుంటల్లో ఏముంటుందో చూడాలి.